ఎముకలు గుల్లబారడం: రక్తపరీక్ష చెప్పేదెంత, చెప్పనిదెంత

(బెంగళూరులో మహిళా కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ బోనస్ గురించి, కరువు భత్యం గురించి మాట్లాడబోవడం లేదు. వాటికి జనరల్ బాడీ ఉంది. ఇవాళ ముట్లు ఆగిపోయిన ఆడవాళ్ల ఎముకల గురించి, రక్తంలో సీఆర్‌పీ అనే ఒక పదార్థం గురించి మాట్లాడుకుందాం. యూనియన్ మీటింగులో ఈ డాక్టరు మాటలేమిటని కొందరు మగవాళ్లు అడిగారు. వాళ్లూ కూర్చోండి. మీ ఇంట్లో కూడా నలభై అయిదు దాటిన మనిషి ఒకరు ఉంటారు.

ఈ మాట ఎందుకు ఎత్తుకున్నామో ముందు చెప్పాలి. ఒక మిల్లు గేటు దగ్గర ఒక ప్రైవేటు ల్యాబు వాళ్లు ఎముకల శిబిరం పెట్టారు. మేనేజ్‌మెంటు అనుమతితోనే పెట్టారు. మడమకు చిన్న మెషీను ఆనించి చూడటం ఉచితం. ఆ తర్వాత, 'లోపల వాపు ఉంటే ఎముకలు అరిగిపోతాయి, రక్తం కూడా ఇవ్వండి' అని ప్యాకేజీ అమ్మారు. వైండింగులో, రీలింగులో పనిచేసే ఆడవాళ్లు రెండు మూడు రోజుల కూలి డబ్బు పోసి రక్తం ఇచ్చారు. రిపోర్టులు వాళ్ల చేతికి రాకముందే ఆఫీసుకు చేరాయి. సీఆర్‌పీ పక్కన 'ఎక్కువ' అని గుర్తు పడినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, 'అమ్మా, నీ ఎముకలు బలహీనంగా ఉన్నాయి, రేపు కిందపడితే మాకు చుట్టుకుంటుంది, రాజీనామా రాసిస్తే లెక్క చూసేస్తాం' అన్నారు.

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. ఆ రక్తపరీక్షకు, ఎముక బలానికి నిజంగా సంబంధం ఉందా? ఉంటే, ఆ కాగితం పట్టుకుని ఒక మనిషిని పనికి పనికిరాదని అనవచ్చా? మొదటిదానికి జవాబు: ఉంది, కొంత. రెండోదానికి జవాబు: లేదు, ఎంతమాత్రం లేదు. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరం మనకు అర్థం కావాలి. అది అర్థం కాకపోతే ల్యాబు వాడు ఒకవైపు, ఆఫీసు వాడు ఇంకోవైపు మనల్ని మోసం చేస్తారు.

ఎముక రాయి కాదు. మనిషి బతికి ఉన్నంతకాలం అది ఒకపక్క కరుగుతూ, ఒకపక్క కట్టుకుంటూ ఉంటుంది. రింగు ఫ్రేముకు ఓవర్‌హాలింగు చేసేటప్పుడు ఏం జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. ఒక గ్యాంగు భాగాలు ఊడదీస్తుంది. దాని వెనకనే ఇంకో గ్యాంగు అరిగినవి మార్చి మళ్లీ బిగిస్తుంది. రెండూ సమంగా నడిస్తే ఫ్రేము కొత్తదవుతుంది. ఊడదీసేవాళ్లు ముందుకు పరుగెత్తి, బిగించేవాళ్లు వెనకబడితే షెడ్డు నిండా ఊడిన సామానే మిగులుతుంది. ఎముకలో ఊడదీసే కణాలను ఆస్టియోక్లాస్టులు అంటారు, కట్టే కణాలను ఆస్టియోబ్లాస్టులు అంటారు. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు.

ఊడదీసే గ్యాంగును అదుపులో పెట్టే మేస్త్రీ ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ముట్లు ఆగిపోయినప్పుడు ఆ మేస్త్రీ షెడ్డు విడిచి వెళ్లిపోతాడు. అందుకే ఆ తర్వాతి అయిదారేళ్లలో ఎముక వేగంగా తరుగుతుంది. మగవాళ్లకు ఇంత హఠాత్తుగా జరగదు.

మేస్త్రీ లేని షెడ్డులో ఊడదీసేవాళ్లను ఎగదోసేవాళ్లు కూడా ఉంటారు. మన ఒంట్లో రోగక్రిములతో పోరాడే కణాలు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. గాయం తగిలినప్పుడు ఎర్రబడి, వాచి, మండటం వీటి పనే. నాలుగు రోజులు ఉండి పోతే మంచిదే, గాయం మానుతుంది. కానీ కొందరిలో ఈ మంట పైకి కనిపించకుండా ఏళ్ల తరబడి రాజుకుంటూ ఉంటుంది. కీళ్లవాతం ఉన్నవాళ్లలో, చిగుళ్లు చీము పట్టినవాళ్లలో, పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవాళ్లలో, షుగరు అదుపులో లేనివాళ్లలో, ఊపిరితిత్తులు చెడినవాళ్లలో ఇలా జరుగుతుంది. ఈ రసాయనాలే ఎముకలో ఊడదీసే కణాలను రెచ్చగొడతాయి. పైగా ఈస్ట్రోజెన్ తగ్గిపోవడం వల్లనే ఇవి కొంత పెరుగుతాయి. అంటే ముట్లు ఆగిన స్త్రీకి రెండు వైపుల నుంచీ దెబ్బ.

ఇక సీఆర్‌పీ. దీన్ని 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో కనిపెట్టారు. ఒంట్లో ఎక్కడ మంట పుట్టినా ఇంటర్‌ల్యూకిన్-6 కబురు పంపితే కాలేయం దీన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. బ్లోరూములో పత్తికి నిప్పంటుకుంటే గంట మోగుతుంది కదా, అలాంటిది. గంట మోగిందంటే ఎక్కడో నిప్పు ఉందని అర్థం. ఏ మెషీనులో ఉందో గంట చెప్పదు. పత్తి ఎంత కాలిందో అసలే చెప్పదు. జలుబు చేసినా, పంటి కింద చీము పట్టినా, మూత్రంలో ఇన్‌ఫెక్షను ఉన్నా ఈ గంట మోగుతుంది.

మరి ఎముకతో సంబంధం ఏమిటని పరిశోధకులు చూశారు. 2005లో దక్షిణ కొరియాలో ఆరోగ్యంగా ఉన్న స్త్రీలనే పరీక్షించినప్పుడు, సీఆర్‌పీ ఎక్కువ ఉన్నవాళ్లలో ఎముక సాంద్రత తక్కువగా కనిపించింది. ముట్లు ఆగినవాళ్లలోనూ, ఆగనివాళ్లలోనూ అదే తేలింది. అమెరికాలో నడివయసు స్త్రీలను ఏళ్ల తరబడి గమనిస్తున్న 'స్వాన్' అనే పెద్ద పరిశోధన నుంచి 2013లో ఇంకో ఫలితం వచ్చింది. సుమారు తొమ్మిదేళ్లు చూశాక, సీఆర్‌పీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో అది పెరిగేకొద్దీ ఎముకలు విరగడం పెరిగిందని తేలింది. తమాషా ఏమిటంటే, అక్కడ ఎముక సాంద్రతకు సీఆర్‌పీకి నేరుగా పొత్తు కుదరలేదు. లావుగా ఉన్నవాళ్లలో సీఆర్‌పీ ఎక్కువ, ఎముక సాంద్రత కూడా బాగానే ఉంటుంది. కానీ ఆ మనిషి బరువుకు, పడినప్పుడు తగిలే దెబ్బకు తగినంత బలం ఆ ఎముకలో లేదు. ఇరవై కిలోల సంచి మోయడానికి చేసిన కొక్కెం గట్టిదే కావచ్చు, నలభై కిలోలు తగిలిస్తే?

కాబట్టి సంబంధం ఉందన్న మాట అబద్ధం కాదు. అయితే అది వందలమంది లెక్క కలిపి చూస్తే తేలిన సంగతి. ఒక్క మనిషి రిపోర్టు చూసి 'నీ ఎముక విరుగుతుంది' అని జోస్యం చెప్పడానికి పనికిరాదు. ఎముకలు గుల్లబారాయా లేదా అన్నది డెక్సా అనే స్కానుతో తెలుస్తుంది. దానిలో టీ-స్కోరు అని వస్తుంది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ప్రకారం మైనస్ 2.5, అంతకు కింద ఉంటే గుల్లబారినట్టు. గేటు దగ్గర మడమకు ఆనించిన మెషీను డెక్సా కాదు, దాని మీద జబ్బు నిర్ధారించరు. ఏ స్కానూ లేకుండానే తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే మణికట్టు విరగడం, వయసులో ఉన్నప్పటికంటే ఎత్తు నాలుగు సెంటీమీటర్లు తగ్గడం, నడుం పైభాగం వంగిపోవడం. మీ అమ్మకు తుంటి విరిగిందా అని కూడా డాక్టరు అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి.

రిపోర్టు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకు రెండు మూడు ముక్కలు. సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు రాస్తాయి. డెసిలీటరుకు 0.5 అంటే లీటరుకు 5. పదింతల తేడా. రెండు ల్యాబుల కాగితాలు పక్కపక్కన పెట్టి పెరిగిందని ఏడవకండి, తగ్గిందని సంతోషపడకండి. జ్వరం, దగ్గు, పంటినొప్పి ఉన్న వారంలో ఇచ్చిన రక్తానికి అర్థం లేదు, తగ్గాక మళ్లీ చూడాలి. ఈఎస్ఆర్ అనే ఇంకో పాత పరీక్ష ఉంది. రక్తం తక్కువగా ఉన్నవాళ్లలో, వయసు పెరిగినవాళ్లలో అది ఏ వాపూ లేకపోయినా ఎక్కువ చూపిస్తుంది. మన దేశంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. అలాంటప్పుడు ఈఎస్ఆర్ పెరిగిందని భయపెడితే భయపడాల్సింది రక్తం తక్కువైనందుకు.

అన్నిటికంటే పెద్ద మోసం ఇంకొకటుంది. మోకాళ్ల నొప్పులని మందుల షాపులోనో, ఊళ్లో సూదిమందు డాక్టరు దగ్గరో చిన్న బిళ్లలు తెచ్చుకుంటారు. రెండు రోజుల్లో నొప్పి మాయం, డ్యూటీకి పరుగెత్తవచ్చు. వాటిలో చాలావరకు స్టెరాయిడ్లు. అవి మింగితే మంట అణుగుతుంది, సీఆర్‌పీ కూడా దిగుతుంది, రిపోర్టు చక్కగా వస్తుంది. కానీ ఆ స్టెరాయిడే ఎముకను తినేస్తుంది, మొదటి కొన్ని నెలల్లోనే తినడం మొదలుపెడుతుంది. గంట మోగకుండా వైరు కోసేసినట్టు. అందుకే సీఆర్‌పీ ఒక్కటే చూసుకుని ఎముక గురించి ధీమాగా ఉండటం కూడా తప్పే. నెలల తరబడి వాడుతున్నవాళ్లు ఇవాళ విని రేపు ఒక్కసారిగా మానేయవద్దు, అది ప్రాణం మీదికి తెస్తుంది. డాక్టరుకు చూపించి కొంచెం కొంచెం తగ్గించుకోవాలి.

ఇప్పుడు అసలు విషయం. మన ఆడవాళ్ల ఎముకలు ముట్లు ఆగిన రోజున హఠాత్తుగా బలహీనపడలేదు. అప్పటికే బలహీనం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న, ఆమె సహచరులు బీద కుటుంబాల స్త్రీలను, 30 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లను పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ల తిండిలో రోజుకు అందుతున్న కాల్షియం సుమారు 270 మిల్లీగ్రాములు. తుంటి ఎముక మెడ దగ్గర వందలో దాదాపు 29 మందికి గుల్లబారిన లక్షణాలు కనిపించాయి. ముట్లు ఆగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని 2020లో అదే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి లెక్క ఇచ్చాయి. 270 ఎక్కడ, 1200 ఎక్కడ! తక్కువ ఖర్చులో కడుపు నిండాలని బీదవాళ్ల కంచంలో బియ్యం, గోధుమలు మాత్రమే నింపి పాలూ, గుడ్డూ, మాంసమూ పక్కకు తోసేసిన లెక్కలను శత్రుఘ్నగారు చాలాకాలం విమర్శించారు. జీతాల బేరం మాట్లాడేటప్పుడు మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట అది.

ఎండ సంగతి కూడా అంతే. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ హరినారాయణ్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పరిశోధనలో పల్లె ఆడవాళ్లలో 70 శాతానికి, పట్నం ఆడవాళ్లలో 75 శాతానికి విటమిన్ డి లోపం కనిపించింది. ఎండలు మండే రాయలసీమలో ఇదీ లెక్క. ఇక తెల్లవారకముందే షెడ్డులోకి వెళ్లి, పొద్దుగూకాక బయటపడే మన సంగతి చెప్పాలా? విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు.

ఇంకో సంగతి ఆడవాళ్లు సభలో చెప్పుకోరు కాబట్టి మేమే చెబుతాం. గర్భసంచి తీయించుకోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద వందకు మూడుకు కాస్త పైగా ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఎనిమిదికి పైగా ఉన్నారు. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చిన మన అక్కచెల్లెళ్లలో ఎంతమంది ముప్పై అయిదుకే తీయించుకున్నారో మీకే తెలుసు. తెల్లబట్టకు, కడుపునొప్పికి కూడా కోసేసిన చోట్లున్నాయి. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే మేస్త్రీ ఆ రోజే వెళ్లిపోయినట్టు. అలాంటి మనిషికి నలభై అయిదేళ్లకే అరవై ఏళ్ల ఎముక ఉండవచ్చు. మీ ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు ఉంచారో తీశారో చూసుకోండి. కాగితాలు లేకపోతే డాక్టరుకు ఆపరేషన్ జరిగిన వయసైనా చెప్పండి.

పత్తి దుమ్ము మాట. కార్డింగులో, బ్లోరూములో ఏళ్ల తరబడి చేసినవాళ్లకు సోమవారం డ్యూటీకి రాగానే ఛాతీ పట్టేయడం తెలుసు. దుమ్ములో ఉండే బ్యాక్టీరియా విషం ఊపిరితిత్తుల్లో మంట పుట్టిస్తుంది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరినవాళ్లలో సీఆర్‌పీ పెరిగి ఉండటం, ఎముకలు గుల్లబారడం రెండూ డాక్టర్లకు తెలిసిన విషయాలే. కాబట్టి రేపు ఆఫీసు వాడు సీఆర్‌పీ కాగితం చూపిస్తే, మనం ఎగ్జాస్టు ఫ్యాన్లు ఎన్ని పనిచేస్తున్నాయో అడుగుదాం. మంట పుట్టింది వాళ్ల షెడ్డులో కూడా కావచ్చు కదా.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, అంతే బియ్యంలో పది దాటదు. మన సీమవాళ్లకు సంకటి, ఇక్కడివాళ్లకు ముద్ద, ఏ పేరైనా అదే రాగి. పట్నం వచ్చి రేషన్ బియ్యానికి అలవాటుపడి దాన్ని వదిలేశాం. ఒక పెద్ద గ్లాసు ఆవుపాలలో 240 దాకా ఉంటుంది. మునగాకు, తోటకూర, ముల్లుతో తినే చిన్న చేపలు కూడా మంచివే. వారంలో సెలవు రోజున మధ్యాహ్నపుటెండలో చేతులకు, కాళ్లకు కాసేపు ఎండ తగలనివ్వండి. కడ్డిపుడి వేసుకునే అలవాటు ఉన్నవాళ్లు మానండి, అది చిగుళ్లనూ చెడగొడుతుంది, ఎముకనూ చెడగొడుతుంది. ఇవన్నీ చేసినా గుల్లబారిన ఎముకకు మందు అవసరం పడవచ్చు. వారానికి ఒక్కటి వేసుకునే అలెండ్రోనేట్ బిళ్ల ఉంది. దాన్ని పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా ఉండాలి. నైట్‌షిఫ్టు దిగి వచ్చి మింగి పడుకుంటే గొంతు నుంచి కడుపుకు పోయే గొట్టంలో పుండు పడుతుంది. సెలవు రోజు పొద్దున పెట్టుకోండి.

ఇక హక్కుల మాట. 2019 జూలై నుంచి మన జీతంలో వందకు ముప్పావు రూపాయి, యజమాని నుంచి మూడుంపావు రూపాయలు ఈఎస్ఐకి పోతున్నాయి. గేటు దగ్గర ల్యాబు వాడికి డబ్బు కట్టడం దేనికి? డిస్పెన్సరీకి వెళ్లి, ముట్లు ఏ వయసులో ఆగాయో, ఎప్పుడైనా ఎముక విరిగిందో, ఏ బిళ్లలు వాడుతున్నారో చెప్పి, రాజాజీనగర్‌కో, ఇందిరానగర్‌కో, పీణ్యకో రెఫరల్ అడగండి. పనిలో పడి ఎముక విరిగితే అది పనిగాయం. ప్రమాదం రిజిస్టరులో రాయించందే షెడ్డు దాటవద్దు. పనిగాయం అయితే కోలుకునేదాకా జీతంలో 90 శాతం వస్తుంది, మామూలు జబ్బు అని రాయించుకుంటే 70 శాతమే, అదీ ఏడాదికి 91 రోజులే. 2010 సవరణతో డ్యూటీకి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం కూడా దీని కిందికి వచ్చింది. 'నీ ఎముక ముందే బలహీనం' అన్న మాటతో పనిగాయాన్ని జబ్బుగా మార్చనివ్వం. తడి నేల మీద జారిపడితే తప్పు నేలది.

రాజీనామా గురించి గట్టిగా చెబుతున్నాం. లేబర్ కోడ్‌లకు ముందున్న పాత చట్టంలో 'నిరంతర అనారోగ్యం' కారణంగా తీసేస్తే అది రిట్రెంచ్‌మెంటు కింద వచ్చేది కాదు, ఆ పరిహారం ఇవ్వనక్కర్లేకపోయేది. ఇక మీరే రాజీనామా రాసిస్తే వాళ్లకు ఇంకా సుఖం. గ్రాట్యుటీ వస్తుంది కదా అని మీరు అనుకుంటారు. పోయేది వేరే ఉంది. అయిదేళ్లు ఈఎస్ఐలో ఉండి, రిటైర్మెంటు వయసు వచ్చో, వీఆర్ఎస్ తీసుకునో దిగిపోయిన మనిషి ఏడాదికి 120 రూపాయలు కట్టి, భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగించుకోవచ్చు. ఉత్త రాజీనామా రాసినవాళ్లకు ఆ తలుపు మూసుకుపోతుంది. సరిగ్గా తుంటి ఎముక విరిగే వయసులో! బిన్నీ, మినర్వా, రాజా మిల్లులు మూతపడ్డాక బయటికి వచ్చిన పాతవాళ్లలో ఈ 120 రూపాయల సంగతి తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. రాజా మిల్లు ఉన్న చోట మల్లేశ్వరంలో ఇప్పుడు మాల్ ఉంది, ఆ మనుషులు మాత్రం ఇక్కడే చుట్టుపక్కల బస్తీల్లో ఉన్నారు. మీకు తెలిసినవాళ్లుంటే చెప్పండి.

2025 నవంబరు 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటితో మనకున్న పేచీలు ఇవాళ చెబితే తెల్లవారుతుంది. కానీ 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఏటా ఉచితంగా ఆరోగ్య పరీక్ష చేయిస్తామని ఆ సందర్భంలో సర్కారే చెప్పింది. ఆ మాట మనం పట్టుకుంటాం. యాజమాన్యానికి ఇవ్వబోయే డిమాండ్ల పత్రంలో కమిటీ నాలుగు అంశాలు చేర్చింది. ఏటా చేసే పరీక్షలో 45 దాటిన స్త్రీలకు, గర్భసంచి తీయించుకున్నవాళ్లకు ఏ వయసైనా సరే, ఎముకల పరీక్ష ఉండాలి. రిపోర్టు కార్మికురాలి చేతికే రావాలి, ఆమె సంతకం లేనిదే ఆఫీసుకు పోకూడదు. ఏ రక్తపరీక్ష ఆధారంగానూ షిఫ్టు మార్చడం, పని మాన్పించడం కుదరదు. తేలిక పని అవసరమని ఈఎస్ఐ డాక్టరు రాస్తే జీతం తగ్గించకుండా ఇవ్వాలి. ఇవి పెద్ద కోరికలా? 2016 ఏప్రిల్ 18, 19 తేదీల్లో పీఎఫ్ నిబంధన మీద ఈ బెంగళూరు రోడ్లెక్కి, కేంద్రం చేత దాన్ని వెనక్కి తీయించినవాళ్లు గార్మెంటు ఆడవాళ్లే.

శిబిరంలో రక్తం ఇచ్చినవాళ్లు ఆ కాగితం, కట్టిన డబ్బు రసీదు రెండూ యూనియన్ ఆఫీసుకు తీసుకురండి. కాగితం ఆఫీసులోనే ఉండిపోయిన వాళ్లు పేరు, టోకెన్ నెంబరు, డిపార్టుమెంటు రాసి ఇవ్వండి, కాపీ అడుగుతూ అందరి తరఫున ఒకే లేఖ పెడుతున్నాం. రాజీనామా మీద ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు సిగ్గుపడి ఇంట్లో కూర్చోకుండా రేపే రండి. ఒత్తిడి చేసి రాయించారని లేబర్ ఆఫీసులో ఫిర్యాదు వేయాలంటే ఆలస్యం చేసేకొద్దీ మన వాదన పలచబడుతుంది. ఫస్టు షిఫ్టు వాళ్లకు సాయంత్రం, సెకండు షిఫ్టు వాళ్లకు పొద్దున ఆఫీసు తెరిచే ఉంటుంది.